సంతలో కొన్న ఆకలి పొడి వాడొచ్చా?

ప్రశ్న: అప్పా, నమస్తే. మాది మందస మండలంలో ఒక పల్లె. నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఎత్తు 5 అడుగులు, బరువు 68 కిలోలు. రెండేళ్ళ నుంచి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను, పొద్దంతా కూర్చునే ఉంటాను. మా అత్తకు కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇంటి పనీ ఆస్పత్రి పనీ నామీదే. బరువు తగ్గాలని పొద్దున్న టిఫిన్ మానేశాను. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకలికి కళ్ళు తిరుగుతాయి. రాత్రి పదింటికి అందరూ పడుకున్నాక గిన్నెలో మిగిలిన అన్నమంతా తినేస్తాను. తిన్నాక ఏడుపొస్తుంది. ఇది చూసి మా పక్కింటావిడ సంతలో ఆకలి తగ్గించే మూలికల పొడి కొనిచ్చింది. పేరేమీ లేదు, ప్లాస్టిక్ కవర్లో ఉంది. పది రోజులు వాడాను. నిజంగానే ఆకలి తగ్గింది, 2 కిలోలు తగ్గాను. కానీ రోజుకు మూడు నాలుగు విరేచనాలు, గుండె దడ. ఆ పొడి మానేసి పొడపత్రి ఆకు, కుందేటి కొమ్ములు, మెంతులు వాడితే ఆకలి చస్తుందా? వాము నీళ్ళు, గ్రీన్ టీ కూడా మంచివంటున్నారు. మొక్కలే కదా, వాటితో నష్టమేముంటుంది?

సమాధానం: చెల్లీ, అప్పా అని అక్కలా పిలిచావు కాబట్టి నువ్వు అనే మాట్లాడతాను. నీ ఉత్తరంలో "పేరేమీ లేదు, ప్లాస్టిక్ కవర్లో ఉంది" అన్న చోట నా కన్ను ఆగిపోయింది. ముందు ఆ పొడి ఆపెయ్. రేపట్నించి ఆపుతాననుకోకు, ఈ పూట నుంచే ఆపు. పారెయ్యొద్దు మాత్రం. కవరు మూతి కట్టి, పిల్లలకు అందకుండా పైన పెట్టు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళాలి.

విరేచనాలవుతున్నాయి అన్నావు. బరువు తగ్గించే పొడుల్లో, టీల్లో సునాముఖి ఆకు కలపడం మామూలు. మన వైపు నేలతంగేడు అంటారు. అది పెద్దపేగును కదిలించి కడుపు ఖాళీ చేయిస్తుంది. నువ్వు తిన్న అన్నంలోని బలం అంతకుముందే చిన్నపేగులో రక్తంలోకి వెళ్ళిపోయి ఉంటుంది. విరేచనాల్లో పోయేది నీళ్ళు, ఉప్పులు, వాటితోపాటు పొటాషియం. నువ్వు తగ్గిన 2 కిలోల్లో ఎక్కువ భాగం నీరే అయి ఉంటుంది. రెండు రోజులు సరిగ్గా తిని తాగితే తిరిగొస్తుంది. కొవ్వు అంత సులువుగా కరగదమ్మా. పొటాషియం పడిపోతే కాలి పిక్కలు లాగుతాయి, గుండె లయ తప్పుతుంది. ఒంట్లో నీరు అలా పోతూ ఉంటే కిడ్నీలకూ దెబ్బే.

దడ మాటకొస్తే నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మందు ఒకటి ఉండేది. బీపీ, గుండె వేగం పెంచుతుందనీ, గుండెపోటు ప్రమాదం ఉందనీ తేలాక 2010లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు, 2011లో మన దేశంలోనూ నిషేధించారు. ఆ తర్వాత కూడా "పూర్తిగా మూలికలే" అని అమ్మిన బరువు మందుల్లో అది ఎన్నో దేశాల్లో పరీక్షలకు దొరుకుతూనే ఉంది. కొన్నింట్లో థైరాయిడ్ హార్మోన్ కూడా దొరికింది. నీ కవర్లో ఏముందో చూడకుండా చెప్పలేను. అయితే ఆకులూ వేళ్ళూ దంచిన పొడి పది రోజుల్లో ఆకలిని అంతగా అణిచేసి, పైగా దడ పుట్టించిందంటే ఒట్టి ఆకులే అని నమ్మడం కష్టం. నువ్వు ముందే థైరాయిడ్ మాత్ర మీద ఉన్నావు. ఆ మాత్ర మోతాదు ఎక్కువైనా దడ వస్తుంది కాబట్టి అదీ చూడాలి.

ఈ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, అత్తను తీసుకెళ్ళే ఆస్పత్రికో వెళ్ళి బీపీ చూపించుకో. రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, లివర్ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ చేయించుకో. పొడి వాడిన సంగతి డాక్టరుకు దాచకు. తిడతారేమో అని చాలామంది ఆడవాళ్ళు ఈ ఒక్క ముక్క చెప్పరు, అక్కడే వైద్యం దారి తప్పుతుంది. ఈలోపు గుండెల్లో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, మూత్రం తగ్గడం, కాళ్ళవాపు, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

"మొక్కలే కదా" అన్నావు. దీనికి కాస్త వివరంగానే చెప్పాలి. మరే ఊరి అమ్మాయి అడిగినా ఇంత చెప్పేదాన్ని కాదేమో. నువ్వు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు అమ్మాయివి.

1990ల మొదట్లో బెల్జియం దేశంలో బ్రసెల్స్‌లో బరువు తగ్గించే ఒక వైద్యం జరిగింది. మందులో రెండు చైనా మూలికల పొడులు కలిపేవారు. కొన్నాళ్ళకు వయసులో ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కిడ్నీలు పాడై వైద్యుల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. 1993లో వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వాడాల్సిన మూలిక ఒకటి, సంచీలో వచ్చింది మరొకటి. చైనా భాషలో రెండింటి పేర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి. వచ్చిన రెండోదాని పేరు అరిస్టొలోకియా. దానిలో ఉండే ఆమ్లం కిడ్నీ గొట్టాలను ఎండబెట్టేస్తుంది. వందమందికి పైగా ఆ జబ్బున పడ్డారు, చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు. కొన్నేళ్ళ తర్వాత వాళ్ళలో 39 మంది కిడ్నీలు, మూత్రనాళాలు తీసి పరీక్షిస్తే 18 మందికి అక్కడ క్యాన్సర్ కనిపించింది. వాళ్ళూ నీలాగే నాలుగు కిలోలు తగ్గుదామని ఆశపడినవాళ్ళే.

ఆ అరిస్టొలోకియా జాతి మొక్కలు మన పొలం గట్ల మీదా ఉన్నాయి. ఈశ్వరి వేరు అని పాముకాటుకు వాడేవాళ్ళే, అది. గాడిదగడపాకు అని గాయాలకు పూసేవాళ్ళే, అదీ ఆ జాతే. దంచి పొడి చేశాక ఏ వేరు ఏదో మనమే కాదు, అమ్మేవాడూ గుర్తుపట్టలేడు. నీ పొడిలో అది ఉందని నేననడం లేదు. లేదని చెప్పే దారీ లేదంటున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ పల్లెల్లో ఏ కుటుంబాన్ని కదిపినా కిడ్నీ కథ ఒకటుంటుంది. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇంతకాలమైనా ఇదీ అని తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారంటే ఆ బాధ ఎంతటిదో వేరే చెప్పాలా? డయాలసిస్ కుర్చీ పక్కన గంటల తరబడి కూర్చునేదానివి నువ్వు. ఆ నేల మీద ఉంటూ పేరు లేని పొడి నోట్లో వేసుకోవడానికి నేను ఒప్పుకోను. నొప్పి మాత్రల విషయంలోనూ అంతే. పొట్టు తీసీ తీసీ మెడ లాగుతోందని షాపులో అడిగి మింగే అలవాటుంటే అదీ మానెయ్.

ఇక నువ్వడిగిన మొక్కలు.

పొడపత్రి గురించి విన్నది నిజమే, కానీ అది చేసే పని నువ్వు అనుకుంటున్నది కాదు. చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో కంచెకు అల్లుకున్న పొడపత్రి తీగ ఉండేది. ఆకు చిన్నది, మీద సన్నటి నూగు. ఓ వేసవిలో మా మామయ్య నా చేత రెండాకులు నమిలించాడు. కాస్త చేదు, కాస్త వగరు. నమిలి ఉమ్మేశాక బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకుంటే ఏటి ఇసుకలా కరకరలాడింది తప్ప తీపి లేదు. పంచదార ఇచ్చాడు, అదీ ఇసుకే. ఉప్పు మాత్రం ఉప్పగానే ఉంది. భయపడి ఏడ్చేశాను, నా నాలుక పోయిందని. గంట తిరక్కుండానే తీపి తిరిగొచ్చింది. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోటుకు అడ్డుపడతాయి, అంతే. అందుకే హిందీలో దాన్ని గుడ్‌మార్ అంటారు, బెల్లాన్ని చంపేది అని.

అంటే ఆ గంటసేపు మిఠాయి మీద మనసు పోదు. నీ బాధ మిఠాయి కాదు కదా. ఖాళీ కడుపు, రాత్రి పదింటి అన్నం. దాని మీద పొడపత్రికి చేతనైంది తక్కువ. పైగా దాని పొడి, మాత్రలు రోజూ మింగితే రక్తంలో చక్కెర తగ్గొచ్చు. షుగర్ మందులు వాడేవాళ్ళకు చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. లివర్ దెబ్బతిన్న సందర్భమూ వైద్య పత్రికల్లో నమోదైంది. ఎప్పుడైనా పెళ్ళికెళ్ళే ముందు ఆకు నమిలి మిఠాయి తప్పించుకుంటానంటే, అది పొడపత్రేనని కచ్చితంగా తెలిస్తే, నేను కాదనను. దాన్ని రోజువారీ మందు చేసుకోవద్దు.

కుందేటి కొమ్ములు మన తీరంలో అంతగా కనిపించవు. రాయలసీమ, తెలంగాణ మెట్ట గుట్టల్లో రాళ్ళ సందున పెరుగుతాయి. ఆకులుండవు, నాలుగు పలకల పచ్చటి కాడలు, నిజంగానే చిన్న కొమ్ముల్లా నిలబడతాయి. అడవికి వెళ్ళినవాళ్ళు ఆకలి, దాహం తెలియకుండా పచ్చిగా నమిలేవారు, కరువు రోజుల్లో కూర వండుకునేవారు. నీ జాబితాలో "ఆకలి చంపే మొక్క" అన్న పేరుకు కాస్తో కూస్తో తగినది ఇదే. బెంగళూరులో 50 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు దీని సారం రోజుకు 1 గ్రాము చొప్పున, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు 60 రోజులు ఇచ్చి చూశారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సారం తీసుకున్నవాళ్ళకు ఆకలి కొంత తగ్గింది, నడుము కొలత కొంత తగ్గింది. బరువులో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు నెలలు డబ్బు పెట్టి మింగితే దక్కేది అంతే. నేనైతే ఆ డబ్బుకు కోడిగుడ్లు కొనుక్కోమంటాను.

దీనికి దక్షిణాఫ్రికాలో ఒక దూరపు చుట్టం ఉంది, హూడియా అని. కలహరి ఎడారిలో సాన్ తెగ వేటగాళ్ళు నమిలే కాడలు. పేరున్న పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాయి. మనుషుల మీద పరీక్షిస్తే తిండి తగ్గలేదు సరికదా వాంతులు, బీపీ పెరగడం కనిపించాయి. చివరికి వదిలేసుకున్నాయి. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఆ పేరుతో మాత్రలు దొరుకుతాయి, కొనకు.

ఆన్‌లైన్ అనగానే గుర్తొచ్చింది, గార్సీనియా మాత్రలు అని ఎవరైనా చెబుతారు. కేరళవాళ్ళు చేపల పులుసులో వేసే పులుపు కాయ అది. పులుసులో వేస్తే దివ్యంగా ఉంటుంది. మాత్రగా 135 మంది మీద 12 వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ తగ్గించలేదు, 1998లోనే తేలిపోయింది. లివర్‌కు దెబ్బ తగిలిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. గ్రీన్ టీ కప్పులో తాగితే పర్వాలేదు, దాని సారం నింపిన గొట్టం మాత్రలు వద్దు, వాటిదీ లివర్ గొడవే. తాగే గ్రీన్ టీ కూడా భోజనంతో కలిపి వద్దు, అన్నంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

వాము నీళ్ళ సంగతి నాకు ఎప్పుడూ వింతే. వాము, జీలకర్ర, శొంఠి, పిప్పళ్ళు, ఇవన్నీ మన పెద్దవాళ్ళు దేనికి వాడేవారు? ఆకలి పుట్టడానికి. బాలింతకు కాయం పెట్టేది ఎందుకు? అరుగుదల కుదిరి అన్నం హితవవ్వాలని. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్ళకు శొంఠి అన్నం పెట్టేది ఎందుకు? ఆకలి పుట్టించే దినుసులనే ఆకలి చంపడానికి తాగమంటున్నారు. కడుపుబ్బరానికి తాగు, సుఖంగా ఉంటుంది. బరువు కోసమైతే ఆ శ్రమ అనవసరం.

మిగిలినవి మెంతులు. వీటి పక్షాన నేను ఉంటాను. గుప్పెడు మెంతులు రాత్రి నీళ్ళలో వేసి పొద్దున్న చూడు, ఒక్కో గింజ చుట్టూ జిగురు పొర ఉంటుంది. ఆ జిగురే పని చేసేది. కడుపులో అది నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, తిన్నది మెల్లగా కిందికి దిగేలా చేస్తుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి పోనివ్వదు. లావుగా ఉన్న 18 మందికి 8 గ్రాముల మెంతి పీచు టిఫిన్‌తో పెట్టి చూస్తే కడుపు నిండిన భావం పెరిగి ఆకలి తగ్గిందని 2009లో వచ్చిన పరిశోధన ఉంది. అయితే అది విడదీసిన పీచు. అంత పీచు ఒకటి రెండు చెంచాల మెంతుల్లో దొరకదు. కాబట్టి మెంతుల నుంచి కొంచెం సాయమే ఆశించు. సబ్జా గింజలు, ఇసబ్‌గోల్ పనిచేసేదీ ఈ లెక్కనే, ఉబ్బి కడుపు నింపుతాయి. ఇసబ్‌గోల్ తీసుకుంటే మాత్రం పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తాగాల్సిందే, లేకపోతే గొంతులో అడ్డుపడుతుంది.

నీకు ఇక్కడొక జాగ్రత్త. పీచు థైరాయిడ్ మాత్రను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. పొద్దున్నే పరగడుపున మెంతి నీళ్ళు తాగమని ఎవరు చెప్పినా నువ్వు వినకు. పరగడుపు నీ మాత్రది. మెంతులు మధ్యాహ్నం దాటాకే. ఒక చెంచా నానబెట్టిన మెంతులు గ్లాసుడు పల్చటి మజ్జిగలో వేసుకుని మూడున్నరకు తాగు, నీకు కళ్ళు తిరిగే నాలుగు గంటలకు ముందే కడుపులో ఏదో ఒకటి ఉంటుంది. షుగర్ మందులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు మాత్రం డాక్టరును అడగకుండా మెంతులు మందులా తినకూడదు.

ఇన్ని మొక్కల గురించి చెప్పాను గానీ చెల్లీ, నీ ఉత్తరంలో నాకు కనిపించిన మూలం వేరే. నీ ఆకలి జబ్బు కాదు. రాత్రి పదింటి నుంచి మర్నాడు ఒంటిగంట దాకా, 15 గంటలు టీ చుక్క తప్ప ఏమీ లేకుండా పని చేస్తున్నావు. నాలుగింటికి కళ్ళు తిరగక ఏమవుతుంది? రాత్రి ఆ గిన్నె ముందు కూర్చోబెట్టేది నీ బలహీనత కాదు, పొద్దున్న ఎగ్గొట్టిన తిండి. కడుపు ఖాళీగా ఉంటే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి మెదడును తినమని తొందరపెడుతుంది. ఆకలి రుచెరగదు అని పెద్దలు ఊరికే అన్నారా? దానికి తోడు నీకు నిద్ర లేదు. షికాగోలో 12 మంది కుర్రవాళ్ళను రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి చూస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగిందట, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం పడిపోయిందట. రెండు రాత్రులకే అలా అయితే, అత్త డయాలసిస్ రోజుల్లో తెల్లారకముందే లేచే నీ సంగతి చెప్పక్కర్లేదు.

అందుకని పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగు. నిన్నగాక మొన్నటిదాకా మన ఇళ్ళలో పొలానికెళ్ళే ఏ మనిషీ చోడి అంబలి తాగకుండా గడప దాటేవారు కాదు. రాత్రి రెండు పెద్ద చెంచాలు గోపురంగా చోడిపిండి, అంటే సుమారు 40 గ్రాములు, గ్లాసు నీళ్ళలో జారుగా కలిపి మూత పెట్టెయ్. తెల్లారేసరికి పైన చిన్న చిన్న బుడగలు, కాస్త పులిసిన వాసన వస్తాయి. గుప్పెడు నూకలు రెండు గ్లాసుల నీళ్ళలో ఉడకనిచ్చి, మెతుకు మెత్తబడ్డాక ఆ పిండి నీళ్ళు పోసి ఆపకుండా తిప్పు. ముందు లేత రంగులో ఉంటుంది. గరిటెకు బరువు తగిలి, రంగు ముదిరి, మధ్యలో 'బుడుక్ బుడుక్' మని పైకి లేస్తే ఉడికినట్టు. దించి చల్లార్చి మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ వేసుకో, పచ్చిమిరపకాయ నంజుకో. పిండిలో సుమారు 130 క్యాలరీలే, నూకలు, మజ్జిగ కలిపినా ఇడ్లీలూ చట్నీ తిన్నంత. కానీ కడుపులో నిలిచే తీరు వేరు. పక్కన ఒక ఉడికించిన గుడ్డు గానీ, చిన్న గిన్నెడు ఉలవ గుగ్గిళ్ళు గానీ ఉండాలి. ఆకలిని ఎక్కువసేపు పట్టి ఉంచేది మాంసకృత్తులే. ఉలవల్లో 100 గ్రాములకు 20 గ్రాములకు పైనే ఉంటాయి. మాత్ర ఐదింటికి వేసుకుంటే ఆరు దాటాక అంబలి.

మధ్యాహ్నం అన్నం మానొద్దు. కంచంలో సగం కూర, ఆకుకూరే కావచ్చు, ఆనపకాయ, బీరకాయ, ఏదైనా సరే. పావు వంతు పప్పో చేపో, మిగతా పావు అన్నం. అన్నం మీద కూర వేసుకునే అలవాటు తిరగేసి, కూరలో అన్నం కలుపుకో. మెల్లగా తిను. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పనిలో జీడిపప్పు బద్దలు నోట్లో వేసుకునే అలవాటు ఉంటుంది, నాకు తెలుసు, మీ పక్కనే పెరిగినవాళ్ళం. గుప్పెడు జీడిపప్పు దాదాపు 170 క్యాలరీలు. పది గింజలు లెక్కపెట్టి మధ్యాహ్నం తిను, మిగిలినరోజంతా చెయ్యి నోటికి వెళ్ళకూడదు. రాత్రి ఎనిమిదికల్లా పిల్లలతో కలిసి కూర్చుని తిను. అందరూ తిన్నాక మిగిలింది తినే పద్ధతే నిన్ను పదింటిదాకా లాగుతోంది. ఈ మాట మీ ఇంట్లో చెప్పడం కష్టమని తెలిసే రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ ఆయనకు చదివి వినిపించు.

బరువు లెక్క కూడా చెబుతాను. నీ ఎత్తుకు నీ బరువు సూచిక (బీఎంఐ) 29 దాకా ఉంది. మనవాళ్ళకు 23 దాటితే ఎక్కువ, 25 దాటితే ఊబకాయం అంటారు. తగ్గాల్సిందే, ఇందులో మొహమాటం లేదు. కానీ మొదట మూడున్నర కిలోలు తగ్గితే చాలు, బీపీ, షుగర్ ముప్పు మీద తేడా కనిపిస్తుంది. నెలకు కిలో, కిలోన్నర చొప్పున మూడు నెలలు అనుకో. ఊబకాయం తగ్గిస్తామని మందుల ప్రకటన ఇవ్వడమే మన దేశంలో 1954 చట్టం ప్రకారం తప్పు, ఆ సంగతి పక్కింటావిడకు చెప్పు. ఆవిడ నీ మంచి కోరే కొనిచ్చింది. ఆవిడా వాడుతూ ఉంటే ఆవిడనూ పరీక్షకు తీసుకెళ్ళు.

అత్త గురించి. పైన చెప్పిన చోడి, ఉలవలు, ఆకుకూరలు నీకు మంచివి, ఆమెకు కాదు. కిడ్నీలు పని చేయనివాళ్ళకు పొటాషియం, భాస్వరం ఒంట్లో నిలిచిపోతాయి. ముఖ్యంగా కొబ్బరినీళ్ళు. ఉద్దానంలో ఇంటి ముందే చెట్టు, నీరసంగా ఉందని ఒక బొండాం కొట్టి ఇవ్వాలనిపిస్తుంది. డయాలసిస్‌లో ఉన్న మనిషికి దానిలోని పొటాషియం గుండెను ఆపేంత ప్రమాదం కావచ్చు. ఆమెకు ఏం పెట్టాలో, నీళ్ళు ఎంతవరకో డయాలసిస్ డాక్టరు చెప్పినట్టే చెయ్యి. పసరు మందులు అస్సలు వద్దు. నీ క్రియాటినిన్ తేడాగా వస్తే నీ తిండి సంగతీ మళ్ళీ మాట్లాడుకోవాలి, అప్పటిదాకా అంబలి మజ్జిగ మొదలుపెట్టు.

పరీక్షల కాగితాలు రాగానే అంకెలు రాసి పంపు. పొడి ఆపాక విరేచనాలు ఎన్ని రోజులకు ఆగాయో, దడ తగ్గిందో లేదో కూడా రాయి.